చిల్లర్ పాతబడితే కొత్త చిల్లరే కొనాలా?

పెద్ద ఆఫీసు బిల్డింగుల్లో ఏసీ అంటే గోడకి తగిలించిన స్ప్లిట్ ఏసీ కాదు. బేస్‌మెంట్‌లోనో టెర్రస్ మీదో చిల్లర్ అనే పెద్ద మెషీన్ ఉంటుంది. అది నీళ్లని 6, 7 డిగ్రీలకి చల్లబరిచి పైపుల్లో అన్ని ఫ్లోర్లకీ పంపుతుంది. ఆ నీళ్లు గదుల్లోని వేడిని మోసుకొని తిరిగొస్తాయి. చిల్లర్ ఆ వేడిని లాగి బయటికి నెట్టేస్తుంది. అంటే ఏసీ చలిని తయారుచెయ్యదు, వేడిని ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పడేస్తుంది, అంతే. ఈ ముక్క గుర్తుంటే మిగతాదంతా తేలిక.

చిల్లర్ ఆయుష్షు సుమారు 20 నుంచి 25 ఏళ్లు. పేరు చిల్లర్ అయినా ఖర్చు చిల్లర కాదు! మున్సిపల్ ఆఫీసులో అది పాతబడితే, అదే సైజుది కొత్తది కొందామని టెండర్ పిలిచి, తక్కువ రేటు వేసినవాళ్లకి ఇచ్చెయ్యడం తేలికైన దారి. అక్కడే అసలు చిక్కు.

ఒక ఊహా లెక్క వేద్దాం. 200 టన్నుల చిల్లర్ కావాలి. (ఈ టన్ను బరువు కాదు. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీసెయ్యగల శక్తి.) తక్కువ రేటు మెషీన్ టన్నుకి 0.8 కిలోవాట్ల కరెంటు తింటుంది, ఖరీదైనది 0.6. ఏడాదికి 2,000 గంటలు పూర్తి లోడు మీద నడిస్తే తేడా 80,000 యూనిట్లు. యూనిట్‌కి 8 రూపాయలు వేసుకుంటే 6.4 లక్షలు. 20 ఏళ్లకి 1.28 కోట్లు. కొనే రేటు మాత్రమే చూసే టెండర్‌లో ఈ కోటి పైచిలుకు ఎక్కడా కనపడదు. కట్టేది మాత్రం మన ఇంటి పన్నుల్లోంచే.

ఇంతకీ, వేడిని బయట పడెయ్యడమే పని అయితే, దానికి ప్రతి బిల్డింగుకీ ఒక చిల్లర్ ఉండాలా? కెనడాలోని టొరంటో దీనికి వేరే జవాబు వెతికింది. అక్కడి సిటీ హాల్ 1965లో తెరిచిన బిల్డింగ్, ఎదురెదురుగా వంగిన రెండు టవర్లు. దాన్ని చల్లబరిచే చల్లదనం ఒంటారియో సరస్సు అడుగునుంచి వస్తుంది.

నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అందుకే చలికాలంలో చల్లబడిన నీళ్లు అడుగుకి చేరి, ఎండాకాలం వచ్చినా అక్కడే ఉండిపోతాయి. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే, సరస్సు చలికాలాన్ని స్టోర్ చేసి పెట్టుకుంటుంది. ఒడ్డునుంచి దాదాపు 5 కిలోమీటర్లు లోపలికి, 83 మీటర్ల లోతుకి పైపులు వేసి ఆ నీళ్లు లాగుతారు. ఇది 2004లో మొదలైంది. నిజానికి అవి ఊరికి తాగునీళ్లుగా వెళ్లేవే. దారిలో హీట్ ఎక్స్‌ఛేంజర్ దగ్గర వాటి చల్లదనాన్ని మాత్రం, బిల్డింగుల మధ్య తిరిగే వేరే నీళ్లకి ఇస్తారు. రెండు నీళ్లూ కలవవు. కరెంటు ఎక్కువగా తినే కంప్రెసర్ పని చాలావరకు తప్పిపోతుంది, ఖర్చంతా ముఖ్యంగా పంపులకే. డౌన్‌టౌన్‌లో సిటీ హాల్‌తోపాటు ఆస్పత్రులు, ఆఫీసు టవర్లు కూడా ఈ కనెక్షన్ తీసుకున్నాయి. ఈ పని చేసే సంస్థే, చలికాలంలో వేడికోసం డౌన్‌టౌన్ బిల్డింగులకి పైపుల్లో ఆవిరి కూడా అమ్ముతుంది.

ఇది చదవగానే, మన జీహెచ్ఎంసీ ఆఫీసు పక్కనే హుస్సేన్ సాగర్ ఉంది కదా అనిపిస్తుంది. కుదరదు. వాసన సంగతి తర్వాత, అసలు హుస్సేన్ సాగర్ లోతు పది మీటర్లు కూడా ఉండదు. పైగా దాచుకోవడానికి మన దగ్గర అంత చలికాలమే లేదు!

మనకి పనికొచ్చేది ఇంకోటి: లోపలికొచ్చే వేడినే ముందు తగ్గించడం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. టెర్రస్ మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే పై ఫ్లోర్ వేడి తగ్గుతుంది. కిటికీల సందులు మూసి, నీడ ఏర్పాటు చేసి, పాత ట్యూబ్‌లైట్లు మార్చాక మళ్లీ లెక్క వేస్తే 200 టన్నులు 150కి రావచ్చు. అప్పుడు కొనాల్సిన మెషీనే చిన్నదవుతుంది. వరస తిరగేసి చిల్లర్ ముందు కొనేశారనుకోండి, ఆ తర్వాత ఎంత పూత వేసినా ఆ అదనపు 50 టన్నులకి పెట్టిన డబ్బు వెనక్కి రాదు. పైగా పెద్ద మెషీన్ 20 ఏళ్లపాటు పూర్తి లోడు లేకుండానే నడుస్తుంది. ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి పెడితే, ఎండ తక్కువున్న రోజుల్లో ఒకటి ఆపెయ్యొచ్చు. ఒకటి చెడినా ఆఫీసుకొచ్చిన జనం చెమటలు కక్కుతూ లైన్లో నిలబడక్కర్లేదు.