బోదకాలు: ఆరోగ్యవంతులును మాత్ర మ్రింగవలెను

కరీంనగరు, పెద్దపల్లి ప్రాంతముల ప్రజలకు బోదకాలు తరతరములుగా తెలిసిన వ్యాధి. ఇది పూర్వకర్మ ఫలమని కొందరు తలంతురు. అది నిజము కాదు. దారమువంటి సన్నని పురుగులు శరీరములో చేరి యేండ్ల తరబడి నివసించును. వాని పిల్లలు రాత్రివేళ రక్తములో సంచరించును. మురుగునీటిలో పెరుగు క్యూలెక్సు దోమ ఈ పురుగులను ఒకరినుండి మరియొకరికి చేర్చును.

కాలు వాచువరకు రోగికి ఏ బాధయు తోచకపోవచ్చును. ముదిరిన వాపు మందులతో పూర్తిగా తగ్గదు. పాదమును ప్రతిదినము సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడిచికొనిన బాధ తగ్గును.

కావుననే 2004 నుండి దేశములో ఈ వ్యాధిగల జిల్లాలయందు అందరికిని మాత్రలు పంచుచున్నారు. "నాకు రోగము లేదు గదా!" యని మాత్రను దాచిపెట్టువాడు, తన రక్తములో పురుగు లున్నచో, తెలియకయే పొరుగువారికి హాని చేసినవాడగును. భోజనానంతరము, ఆరోగ్య కార్యకర్త యెదుటనే మాత్ర మ్రింగవలెను. రెండేండ్లలోపు బిడ్డలు, గర్భిణులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు మాత్రము తీసికొనరాదు. కొందరికి స్వల్ప జ్వరము, తలతిరుగుట కలుగవచ్చును. పురుగులు చచ్చునప్పు డిట్లగుట సహజము, భయపడ నక్కరలేదు.

దిగుడుబావుల నీటివలన వచ్చుచుండిన నారికురుపును మన పల్లెలు చూచినవి. నీరు వడగట్టి త్రాగుటవలన అది తొలగెను. 2000 సంవత్సరమున భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. ఊరంతయు ఒక్కటై మాత్ర మ్రింగినచో బోదకాలును అట్లే తొలగింపవచ్చును.