నడిగడ్డ నుంచి నల్లమల దాకా: ఏది ఎక్కడ తినాలి?

థాయ్‌లాండ్ పోయిన తిండిప్రియులకు బ్యాంకాక్‌లో అన్నీ దొరుకుతాయి. అయినా కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసిచ్చే ఖావ్ సోయి కోసం ఉత్తరాన చియాంగ్ మాయ్‌కి, పచ్చి బొప్పాయిని మిరపకాయలతో రోట్లో దంచే సోమ్ తమ్ కోసం ఈశాన్యాన ఈసాన్‌కి పోతారు. మనం మాత్రం పాలమూరు తిండి తినాలనిపిస్తే హైదరాబాదులో ఏదో ఒక బోర్డు చూసి లోపలికి పోతాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి వేరుపడి జిల్లాలయ్యాయి. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఒకటి, పల్లి చేన్ల వనపర్తి ఒకటి, నల్లమలను ఆనుకున్న నాగర్‌కర్నూలు ఒకటి. నేల మారినప్పుడల్లా పళ్లెం కూడా మారుతుంది. మొదటిసారి పోయేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు: సరుకు దిగే చోట, దిగే వేళకు తినాలి. పేరున్న హోటల్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

1. ముందు కాలం చూసుకోండి

ఏది తినాలనుందో తేల్చుకున్నాకే బండి తీయండి. కొల్లాపూర్ మామిడికి ఏప్రిల్, మే నెలలు. వానలు పడి కృష్ణకు వరదొస్తే జూరాల గేట్లు ఎత్తుతారు. అప్పుడు చేపల దుకాణాల దగ్గర నిలబడటానికి చోటుండదు. నెమ్మదిగా కూర్చుని తినాలంటే చలికాలం మేలు. సీతాఫలం దసరా నుంచి దీపావళి దాకా, అనపకాయలు సంక్రాంతి ముందూ వెనకా, యాసంగి పల్లికాయ జనవరి నుంచి మార్చి దాకా. ఒక్క పర్యటనలో ఎక్కువ రుచులు చూడాలంటే జనవరి సరైన నెల. అప్పుడు మామిడి, సీతాఫలం ఉండవు, మిగతావి చాలావరకు చేతికందుతాయి.

2. పొద్దున గద్వాలలో ఉగ్గాని

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి కుడికి తిరగాలి. గద్వాలకు అటు కర్నూలు, ఇటు రాయచూరు దగ్గరే. అందుకే ఇక్కడి పొద్దుటి పళ్లెంలో ఇడ్లీకి దీటుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉంటాయి. అయిజలోనూ, అలంపూర్ చౌరస్తా దగ్గరా ఇదే వరస.

ఉగ్గాని చేయడం చూడటానికి సులువు. బొరుగులు నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిగడ్డ పచ్చిమిర్చి పోపులో వేసి, పసుపు, పుట్నాల పొడి కలిపి నిమ్మకాయ పిండుతారు. కిటుకంతా ముంచడంలోనే ఉంది. ఒక్క క్షణం ఎక్కువ నానితే ముద్ద, తక్కువ నానితే నమిలేటప్పుడు కరకర. మంచి బండి దగ్గర బొరుగులు మెత్తగా ఉండి కూడా గింజ గింజగా విడివడతాయి. పుట్నాల పొడి దండిగా పడితే నోట్లో కాస్త పొడిపొడిగా, కమ్మగా తగులుతుంది. ఎనిమిదిలోపే వెళ్లండి. పొద్దెక్కేకొద్దీ బాణలి ఖాళీ అవుతుంది, మిగిలింది చల్లారి గట్టిపడుతుంది. బజ్జి మాత్రం ముందే వేసిపెట్టింది తీసుకోకండి. "అన్నా, వేడివి తీసినంక ఇయ్యి" అని అడిగి రెండు నిమిషాలు ఆగండి.

3. మధ్యాహ్నం జూరాల చేప

గద్వాల నుంచి అరగంట ప్రయాణంలో ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వస్తుంది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టాక మొదటి ప్రాజెక్టు ఇదే. ఆనకట్ట పొడవునా రోడ్డుంది. ఇటు గద్వాల జిల్లా రేవులపల్లి, అటు వనపర్తి జిల్లా నందిమళ్ల. రెండు కొసలకూ చేపల దుకాణాలున్నాయి. ఈ మూడు జిల్లాల్లో దూరం నుంచి జనం తిండి కోసమే వచ్చే చోటు ఏదంటే ముందు దీని పేరే చెప్పాలి.

ఇక్కడ పద్ధతి ఇలా ఉంటుంది. ముందు చేపను మీరే ఎంచుకోవాలి. రవ్వ, బొచ్చె ఎప్పుడూ ఉంటాయి. కొర్రమీను, వాలుగ ఉంటే ధర ఎక్కువ. మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా తడిగా ఉంటే ఆ పొద్దు పట్టిందే. గోధుమరంగుకు తిరిగితే వద్దనండి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. తూకం కళ్ల ముందే వేయించుకోండి. చేప ధరలో వండిన కూలి కలిసి ఉందో వేరో అప్పుడే అడగండి. తినడం అయ్యాక అడిగితే మాటామాటా పెరుగుతుంది.

ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు కాగిన నూనెలో పడేసరికి దుకాణమంతా ఘాటు కమ్ముతుంది. వేపుడు సగం, పులుసు సగం చెప్పండి. తలకాయ పులుసులోకే వేయించండి, రుచంతా అందులోకే దిగుతుంది. కొత్తగా తినేవాళ్లకు రవ్వలో ముళ్లు ఎక్కువనిపిస్తుంది. వాళ్లకు కొర్రమీను మేలు.

4. వనపర్తి దిక్కున జొన్నరొట్టె

జొన్నపిండిలో గోధుమలా సాగే జిగురు ఉండదు. అందుకే మసిలే నీళ్లు పోసి కలుపుతారు, కర్రతో కాక చేత్తో తడతారు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడిచి, తిప్పి, చివరికి మంట మీదకు తీస్తే రొట్టె పొంగుతుంది. రోడ్డు పక్కన రొట్టెలు చేసే అక్కల దగ్గర ఇదంతా ఎదురుగానే చూడవచ్చు. అంచులు చూడండి. పగుళ్లు లేకుండా గుండ్రంగా ఉంటే పిండి ఈ మధ్య పట్టించింది. అంచంతా చీలి ఉంటే పిండి పాతబడింది. తెల్లజొన్న రొట్టె మెత్తగా ఉంటుంది. పచ్చజొన్న దొరికితే వదలకండి, రంగుతో పాటు రుచీ వేరు.

రొట్టెకు జత ఏదన్నది రెండో ప్రశ్న. పుంటికూర పప్పు, పల్లీల కారం, పచ్చిపులుసు ఇంటింటి జోడీలు. మాంసం తినేవాళ్లు మటన్ కూర పులుసులో రొట్టె తుంచి నానబెట్టుకుంటారు. రొట్టె చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కట్టించుకుని పోవద్దు. "అక్కా, ఒక్కొక్కటే వేసియ్యి" అని చెప్పి అక్కడే కూర్చోండి.

5. శనివారమైతే పెబ్బేరు సంత

జాతీయ రహదారి మీదున్న పెబ్బేరులో శనివారం సంత. గొర్రెలు, మేకలు, పశువుల బేరాలకు పేరు. తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి పొద్దున్నే చేరుకోవాలి. పల్లికాయ కాలమైతే పచ్చి కాయ కొని ఉప్పేసి ఉడకబెట్టుకోండి. గద్వాల దిక్కున అయితే బుడ్డలు అని అడగాలి. గింజ చేత్తో నలిపితే పాలు కారేంత లేతది ఉడకడానికి బాగుంటుంది. ముదిరినది వేయించి కారం దంచుకోవడానికి పనికొస్తుంది. బూజు పట్టినవి, రంగు మారినవి ఏరి పారేయండి. పల్లికి పట్టే బూజుల్లో విషం పుట్టించేవి ఉంటాయి, అది వేయించినా పూర్తిగా పోదు.

6. కొల్లాపూర్ మామిడి, సోమశిల చేప

పెబ్బేరు నుంచి కొల్లాపూర్‌కు రోడ్డుంది. అక్కడ మామిడి అంటే ఎక్కువగా బేనిషాన్. రంగు చూసి మోసపోకండి. కాయంతా ఒకే పసుపు పూసినట్టుండి, తొడిమ దగ్గర వాసన లేకపోతే మందుతో మాగబెట్టారేమో అనుమానించాలి. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. తోట దగ్గర ముదిరిన పచ్చికాయ కొని, ఇంట్లో వరిగడ్డిలో పెట్టుకోవడం అన్నిటికన్నా నమ్మకం. కొంచెం పులుపున్న కాయలు నాలుగు వేరుగా తెచ్చుకుంటే పప్పులోకి వస్తాయి.

కొల్లాపూర్ దాకా పోతే సోమశిల కూడా చూడండి. శ్రీశైలం జలాశయపు నీళ్లు అక్కడిదాకా పరుచుకుని ఉంటాయి. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు పోతే అప్పుడే దించిన చేప దొరుకుతుంది. చూసే పద్ధతి జూరాలలో చెప్పిందే.

7. నల్లమల తేనె

నాగర్‌కర్నూలు నుంచి అచ్చంపేట మీదుగా మన్ననూరు పోతే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. చెంచులు సేకరించే తేనె, సారపప్పు, ఇప్పపువ్వు ఈ అడవి సరుకు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అమ్మే తేనెను అడగండి. రోడ్డు మీద సీసాల్లో అమ్మేది అగ్గిపుల్లతో అంటించి, నీళ్లలో వేసి "అసలుది" అని చూపిస్తే నమ్మకండి, ఆ పరీక్షలతో కల్తీ తేలదు. శ్రీశైలం పోయే ఈ అడవి దారిని రాత్రిపూట మూసేస్తారు, కాబట్టి పొద్దుండగానే బయటపడేలా చూసుకోండి.

8. ఒక్కరోజే ఉంటే

మూడు జిల్లాలూ ఒక్కరోజులో తిరగాలనుకోకండి. చలికాలంలో అయితే పొద్దున గద్వాలలో ఉగ్గాని, మధ్యాహ్నం జూరాలలో చేప, ఆనకట్ట మీదుగా వనపర్తికి దాటి పొద్దుగూకే వేళకు రొట్టె. ఎండాకాలంలో అయితే కొల్లాపూర్ తోట, సోమశిల చేప. నల్లమలకు వేరే రోజు పెట్టుకోండి. ఎక్కడికి పోయినా కూర్చునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇయ్యాల ఏం దిగింది?" జవాబు వెంటనే వస్తే అది వండించుకోండి. "అన్నీ ఉన్నయి" అంటే ఇంకో దుకాణం చూసుకోండి.