గండి పడిన రక్తనాళం

కృష్ణా డెల్టా ప్రజలకు కాలువగట్టు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గట్టు బలహీనపడిన చోట నీటి ఒత్తిడికి గండి పడుతుంది. చూస్తుండగానే పైరు మునిగిపోతుంది. మెదడులోని ధమనులకూ ఇట్టి ఆపద కలుగవచ్చు. ధమని చీలి శాఖలయ్యే చోట దాని గోడ పలుచబడితే, రక్తపు ఒత్తిడికి అది బుడగవలె ఉబ్బుతుంది. దీనినే వైద్యులు ఎన్యూరిజం అంటారు. వయోజనులలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. వీటిలో అనేకం జీవితాంతం పగలవు. అయితే అధిక రక్తపోటు, ధూమపానం ఆ ప్రమాదాన్ని పెంచుతాయి.

బుడగ పగిలితే రక్తం మెదడును కప్పిన పొరల నడుమ చేరుతుంది. పిడుగు పడినట్లు తలనొప్పి వచ్చి క్షణాలలో భరించరానిదవుతుంది. వాంతులు, మెడ బిగుసుకొనడం, స్పృహ తప్పడం తోడవుతాయి. పార్శ్వపు నొప్పి అనో, వడదెబ్బ అనో తలచి మాత్ర మింగి పడుకోవడం ప్రాణాంతకం. అందునా ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రక్తస్రావం ఒకసారి ఆగినా, తొలి 24 గంటలలో తిరిగి మొదలయ్యే ప్రమాదం మిక్కుటంగా ఉంటుంది.

మొదటి 6 గంటలలో తీసిన సీటీ స్కాన్‌లో ఈ రక్తం దాదాపు తప్పక కనిపిస్తుంది. ఆలస్యమైన కొద్దీ ఆ జాడ మసకబారుతుంది. అనుమానం తీరనప్పుడు వెన్ను నుండి నీరు తీసి పరీక్షిస్తారు. పిమ్మట యాంజియోగ్రాం ద్వారా బుడగ ఉన్న చోటును గుర్తిస్తారు. మెదడు రక్తనాళాలను ఇట్లు చిత్రించే పద్ధతిని పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో కనుగొన్నాడు.

చికిత్సకు రెండు మార్గాలున్నాయి. పుర్రె తెరచి బుడగ మెడకు క్లిప్పు బిగించడం మొదటిది. 1937లో అమెరికాలో వాల్టర్ డ్యాండీ దీనికి నాంది పలికాడు. తొడ మొదటి ధమని గుండా సన్నని గొట్టం పంపి, ప్లాటినం తీగచుట్టలతో బుడగను నింపడం రెండవది. ఇటలీకి చెందిన గుగ్లియెల్మి 1990లో దీనిని ప్రవేశపెట్టాడు. బుడగ ఆకారాన్ని, స్థానాన్ని బట్టి వైద్యులు మార్గాన్ని ఎంచుకుంటారు. గండి పూడ్చినంతనే ఆపద తీరదు. తరువాతి రోజులలో రక్తనాళాలు ముడుచుకొని మెదడుకు రక్తం అందకపోవచ్చు. అందుకే 21 రోజులు నిమోడిపిన్ మందు ఇస్తారు.

గుడివాడ, బందరు, అవనిగడ్డల నుండి రోగులు విజయవాడలోని గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆసుపత్రులకు వస్తుంటారు. ఈ చికిత్స అన్ని ఆసుపత్రులలోనూ జరగదు. కావున స్కాన్, నాడీ శస్త్రవైద్యుడు ఉన్న చోటికే రోగిని నేరుగా చేర్చాలి. 2005లో మన రాష్ట్రంలో ఆరంభమైన 108 వాహన సేవ ఇందుకు అక్కరకు వస్తుంది. గట్టుకు గండిపడితే చూసినవాడు ఊరంతటినీ కేకవేసి పిలుస్తాడు. ఇంట్లో ఒకరు హఠాత్తుగా తల పట్టుకొని కూలబడినప్పుడు కూడా మనకు కావలసినది ఆ తొందరే.