ముష్టి అనే మాట, ఒక బాక్సర్ కథ

ఈసారి పాఠానికి ఒక సినిమా తీసుకున్నాం, అదీ ఒక మాట కోసం. ఆ మాట ‘ముష్టి’. తరగతిలో ఈ మాట పలికామంటే చాలు, వెనుక బెంచీల నుంచి నవ్వు వినిపిస్తుంది. ‘ముష్టి పది రూపాయలకి ఇంత గొడవా!’ అని ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కోవడం మీరూ వినే ఉంటారు. బిచ్చమెత్తుకునేవాణ్ణి ముష్టివాడు అంటారనీ తెలుసు. అయితే ఈ మాటకు అసలు అర్థం పిడికిలి. కంసుడి దగ్గర చాణూరుడితో పాటు ఉన్న మల్లుడి పేరు ముష్టికుడు. అతణ్ణి బలరాముడు చంపాడు. ముష్టిఘాతం అంటే పిడిగుద్దు. బాక్సింగును ముష్టియుద్ధం అనడం అందుకే.

మరి పిడికిలికీ బిచ్చానికీ సంబంధం ఏమిటి? గుమ్మం ముందుకు వచ్చి అడిగినవాడికి ఇంటి ఇల్లాలు పిడికెడు బియ్యం వేసేది. పిడికెడు అంటే ఒక ముష్టి. కొలత పేరే దానం పేరైంది. దానం పేరు కాస్తా పోనుపోను తిట్టులోకి దిగింది. మాటలకు కూడా మనలాగే బదిలీలు ఉంటాయి, అన్నీ ప్రమోషన్ మీద జరిగేవి కావు!

ఈ రెండు అర్థాలూ ఒకే మనిషి చేతిలో కనిపించే సినిమా ‘సిండ్రెల్లా మ్యాన్’. 2005లో రాన్ హోవార్డ్ దర్శకత్వంలో వచ్చింది. జేమ్స్ బ్రాడాక్ అనే నిజమైన బాక్సర్ కథ ఇది. ఆ పాత్రను రస్సెల్ క్రో, అతని భార్య మే పాత్రను రెనీ జెల్‌వెగర్ పోషించారు. సవతి తల్లి ఇంట్లో బూడిద ఎత్తిన సిండ్రెల్లా రాకుమారుడి కోటకు చేరినట్టు, ఇతడూ అట్టడుగు నుంచి పైకి వచ్చాడని డేమన్ రన్యన్ అనే రచయిత పెట్టిన పేరు అది.

బ్రాడాక్ 1905లో న్యూయార్కులో పుట్టాడు. 1929 జులైలో లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ కోసం టామీ లాఫ్రన్‌తో పోరాడి ఓడిపోయాడు. ఆ అక్టోబరులోనే అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, కర్మాగారాలు ఆగిపోయాయి. 1933 నాటికి అక్కడి పనివాళ్లలో సుమారు నలుగురికి ఒకరు నిరుద్యోగి. మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ‘మహా మాంద్యం’ అన్నది దీన్నే. బ్రాడాక్ కుడిచేయి పదే పదే విరిగింది, గెలుపులు తగ్గాయి, చివరికి న్యూజెర్సీ రేవులో కూలీగా చేరాడు. అక్కడ పని దొరకడం ఎలా ఉండేదో సినిమాలో చూడండి. తెల్లవారగానే గేటు ముందు గుంపుగా నిలబడాలి, మేస్త్రీ వేలు చూపినవాడికే ఆ రోజు పని. మన ఊళ్లలో అడ్డా మీద నిలబడే కూలీలను చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉండదు. చేతికి కట్టు ఉందని తెలిస్తే పని ఇవ్వరు. అందుకని తెల్లటి కట్టుకు బూట్ల పాలిష్ పూసి నల్లగా చేసుకుంటాడు.

ఇక మీకోసమే ఉన్న ఘట్టానికి వద్దాం. పెద్ద కొడుకు ఒక దుకాణంలో మాంసం దొంగిలించి తెస్తాడు. తండ్రి కోప్పడడు, కొట్టడు, పిల్లవాణ్ణి తీసుకెళ్లి దాన్ని తిరిగి ఇప్పిస్తాడు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. తిండి పెట్టలేక ఒక స్నేహితుణ్ణి తల్లిదండ్రులు బంధువుల ఇంటికి పంపేశారు. రేపు తననూ అలాగే పంపేస్తారేమోనని వీడి భయం. ఎన్నటికీ పంపనని తండ్రి మాట ఇస్తాడు. నాన్నకు కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోట పోస్టింగు వచ్చి, అమ్మమ్మ ఇంట్లో ఏడాదో రెండేళ్లో ఉన్న పిల్లలు మా తరగతుల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ పిల్లవాడి భయం ఏమిటో వాళ్లకు మేము వివరించనక్కర్లేదు.

కానీ ఆ మాట నిలవలేదు. చలికాలం, ఇంట్లో కరెంటు తీసేశారు, పిల్లలకు జబ్బు చేస్తోంది. గత్యంతరం లేక మే వాళ్లను బంధువుల ఇళ్లకు పంపేస్తుంది. ఆమెను తప్పుపట్టకండి. చలికి వణికే పిల్లల పక్కన మేలుకుని కూర్చున్నది ఆమే. మాట పోయిన బ్రాడాక్ ముందు ప్రభుత్వ సహాయం ఇచ్చే కార్యాలయం వరుసలో నిలబడతాడు. అదీ చాలదు. ఒకప్పుడు తన పోటీలతో డబ్బు చేసుకున్న బాక్సింగు పెద్దలు కూర్చున్న గదికి వెళ్తాడు. టోపీ తీసి, పట్టుకుని, ఒక్కొక్కరి ముందూ చాస్తాడు. కొందరు చిల్లర వేస్తారు, కొందరు చూపు తిప్పుకుంటారు. తక్కువ పడినది పాత మేనేజరు జో గూల్డ్ ఇస్తాడు. ఆ డబ్బుతో పిల్లలు ఇంటికి వస్తారు.

సినిమాలో ఎన్ని పోటీలు ఉన్నా, మాకు అన్నిటికంటే కష్టమైన పోరుగా తోచింది ఇదే. పిడికిలి బిగించడం బ్రాడాక్‌కు చిన్నప్పటి నుంచీ వచ్చు. దాన్ని విప్పి చాచడం అతనికి ఎవరూ నేర్పలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పేస్తాం, తెర మీద చూస్తేనే బాగుంటుంది. 1934 జూన్ 14న, రెండు రోజుల ముందు మాత్రమే కబురు అందిన ఒక పోటీలో కార్న్ గ్రిఫిన్‌ను మూడో రౌండులో పడగొట్టాడు. కుడిచేయి విరిగినప్పుడు రేవులో ఎడమచేత్తో బరువులు లాగడం వల్ల ఆ చేయి బలపడిందని చెబుతారు. అదే రాత్రి, అదే వేదిక మీద మాక్స్ బేర్ హెవీవెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. ఏడాదికి ఒక్క రోజు తక్కువగా, 1935 జూన్ 13న, ఆ బేర్‌తోనే బ్రాడాక్ బరిలోకి దిగాడు. పందాలు పదికి ఒకటిగా బేర్ వైపే ఉన్నాయి. పదిహేను రౌండ్లు సాగాక గెలిచినవాడు బ్రాడాక్.

ఒక్క విషయంలో ఈ సినిమాతో మాకు పేచీ ఉంది. బేర్‌ను క్రూరుడిగా చూపించారు. 1930లో అతనితో తలపడిన ఫ్రాంకీ కాంప్‌బెల్ చనిపోయిన మాట నిజమే. కానీ ఆ మరణం నిజమైన బేర్‌ను ఎన్నో ఏళ్లు వెంటాడింది. తెర మీది బేర్ దాన్ని గొప్పగా చెప్పుకుంటాడు. కథానాయకుడు పెద్దగా కనబడాలంటే ఎదుటివాణ్ణి రాక్షసుణ్ణి చేయాలా? బ్రాడాక్ కథకు ఆ అవసరం లేదు.

గెలిచాక కాదు, డబ్బు చేతికి రావడం మొదలవగానే బ్రాడాక్ ఒక పని చేశాడు. తాను తీసుకున్న సహాయం మొత్తాన్నీ ప్రభుత్వానికి తిరిగి కట్టేశాడు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. సినిమాలో అదే కిటికీ ముందు, అదే వరుసలో నిలబడి నోట్లు లోపలికి జరుపుతాడు. తిరిగి కట్టలేకపోయినవాళ్లు తక్కువవాళ్లు అని మాత్రం దీనికి అర్థం తీయకండి. ఆ వరుసలో నిలబడ్డ లక్షలమందికి గ్రిఫిన్‌తో పోటీ లాంటి అవకాశం రాలేదు.

పోటీ దృశ్యాల్లో దెబ్బలు, రక్తం ఎక్కువ. చిన్న తరగతులవాళ్లు పెద్దల పక్కన కూర్చునే చూడాలి.

చూశాక చేయవలసిన పని: మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోను చేసి, వాళ్ల చిన్నతనంలో గుమ్మం ముందుకు వచ్చినవాళ్లకు ఏమి వేసేవారో, దాన్ని ఏమని పిలిచేవారో అడిగి రాసుకు రండి. చిటికెడు, పిడికెడు, దోసెడు లాగా చేతితో కొలిచే మాటలు ఇంకేమైనా చెబితే అవీ రాయండి. పై తరగతులవాళ్లు బంధువుల ఇంట్లో ఉన్న బ్రాడాక్ కూతురు నాన్నకు రాసినట్టుగా పది వాక్యాల ఉత్తరం రాయాలి. తెలుగులో రాయడం ఇంకా రానివాళ్లు చెప్పి వినిపించినా చాలు, కాగితం మీద మేము రాసిపెడతాం.