తెగింది అంటే ఏమైనట్టు?

సెకండ్ ఇయర్‌లో ఒకరోజు ల్యాబ్ మధ్యలో నాన్న నుంచి మెసేజ్. "పొలం బేరం తెగింది రా." అంతే. చెడిపోయిందన్నమాట అనుకున్నా. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషించాను కూడా. ఎదురుగా యూటీఎం మెషిన్‌లో స్టీల్ కడ్డీ సాగి సాగి ఠప్పుమని తెగింది. బ్రేకింగ్ లోడ్ రాసుకుంటూనే "పోన్లే నాన్నా, తర్వాత చూద్దాం" అని రిప్లై కొట్టాను.

రాత్రి అమ్మ ఫోన్. "బేరం తెగడమంటే కుదరడం రా. అడ్వాన్స్ కూడా తీసుకున్నాం."

అప్పట్నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. కడ్డీ తెగితే పని అయిపోయినట్టు, బేరం తెగితే పని అయినట్టు. ఎట్లా?

తెగు అచ్చ తెలుగు క్రియ. దిగు నుంచి దించు వచ్చినట్టే తెగు నుంచి తెంచు. తనంతట తాను విడిపోతే తెగడం, మనం విడదీస్తే తెంచడం. ఈ రెండూ కలిసినవే మన హాస్టల్లో రోజూ వినే తెగదెంపులు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టే ఇక్కడా 'త' కాస్తా 'ద' అయింది. బ్రేకప్‌కి తెలుగు మాట లేదనే వాళ్లకి ఇదే నా జవాబు.

ఇక బేరం సంగతి. అటూ ఇటూ లాగుతున్న మాటల్ని ఒకచోట కోసేస్తేనే రేటు నిలుస్తుంది. తగువు తెగడం, లెక్క తెగడం అన్నీ ఇంతే. ఇది మన ఒక్కరి ఊహ కాదు. ఇంగ్లిష్ డిసైడ్‌కి లాటిన్ మూలంలో కోసేయడం అనే అర్థం. మనం ఊళ్లో వాడే ఫైసలా వెనకున్న అరబీ ధాతువుకి వేరుచేయడం అని. మూడు భాషల్లోనూ నిర్ణయం అంటే కోతే!

మనసులో జంకు తెగితే తెగువ, తెగింపు. అది హద్దు దాటినవాడు తెంపరి. మొహమాటం లేకుండా చెప్తే తెగేసి చెప్పడం. మధ్యలో ఎక్కడా తెగకపోతే ఎడతెగని వాన. 'తెగ నవ్వాం' అన్నప్పటి తెగ కూడా ఇక్కడిదేనని నా నమ్మకం, పొట్ట తెగేంతగా అని. (ఇంటర్నల్స్ ముందు 'తెగ చదివాం' అనేవాళ్ల విషయంలో మాత్రం ఏం తెగిందో నేను చెప్పలేను.)

తెగనమ్మడం అని ఇంకొకటుంది. ఉన్నదంతా అమ్మి పారేస్తుంటే పేపర్ల వాళ్లు తిడుతూ రాసే మాట. నాన్న ఆ మాట వాడలేదు. బేరం తెగిందన్నాడు, ఊరుకున్నాడు. నా ఫీజు రసీదు మీద తేదీ ఆ తర్వాతి వారానిది.