మగ్గము మీది దీపమును లెక్కించుట ఎట్లు?



కొన్ని నెలల క్రిందట మన సంఘమునకు ఒక పత్రము వచ్చినది. సభ్యుల ఇండ్లలో కరెంటు కలదా, లేదా అని అందులో ఒకే ప్రశ్న. ఇంటింటికి తిరిగి అడిగినాను. అందరును కలదనియే చెప్పినారు. అట్లే నింపి పంపినాను. పంపిన తరువాత మాత్రము మనసు కుదుటపడలేదు. ఆ ఇండ్లలో ఒకచోట ప్రొద్దు గుంకగానే గుంటమగ్గము ఆపి, దాని మీది బల్బును తీసి వంట చేయు చోట తగిలించుకొనుచున్నారు. రెండవ బల్బు వెలిగించిన బిల్లు పెరుగునని భయము. ఆ ఇల్లును నా కాగితములో "కలదు" క్రిందనే చేరినది.

ఇంగ్లండులో బ్రెండా బోర్డ్‌మన్ అను విదుషీమణి 1991లో ఒక కొలత చెప్పినారు. ఇంటికి తగినంత వెచ్చదనము, వెలుతురు మొదలగు వానికి ఆదాయములో పదవ వంతుకు మించి కావలసినచో ఆ కుటుంబము ఇంధన పేదరికములో ఉన్నట్లు. ఇందులో "కావలసిన" అను మాటయే కీలకము. లెక్కలు వ్రాయువారు తరచు దానిని విడిచి, చేసిన ఖర్చునే చూతురు.

దాని ఫలితము చూడుడు. ఒక కుటుంబపు నెల రాబడి 12,000 రూపాయలు, గ్యాసుకును కరెంటుకును కలిపి ఖర్చు 1,300 అనుకొందము. ఇది పదవ వంతు దాటినది. పేద ఇల్లని వ్రాయుదురు. రెండవ కుటుంబపు రాబడి 9,000, ఖర్చు 600. పదవ వంతు లోపలనే యున్నది, చింత లేదందురు. కాని ఈ రెండవ ఇంట గ్యాసు బండ అయిపోయిన పిదప పుల్లలతో వంట. ఇల్లాలు వీధి దీపము వెలుతురున గడపలో కూర్చుండి కండెలు చుట్టుచున్నది. ఖర్చు తక్కువగుటకు కారణము కలిమి కాదు, కడుపు కట్టుకొనుట.

2012లో నుస్‌బామర్, బజీలియన్, మోదీ అను మువ్వురు ప్రకటించిన సూచిక దీనికన్న మేలు. వంటచెరకు, పొగ, దీపము, ఫ్రిజ్, రేడియో లేక టీవీ, ఫోను — వీనిలో ఏవి లేవో చూచి, బరువులు వేసి కూడుదురు. వంటకే నూటికి నలుబది వంతుల బరువు. బాగున్నది. అయితే ఇందులో మగ్గము లేదు! మన ఇల్లే మన కార్ఖానా. వెలుతురు చాలక దినమునకు రెండు గంటల నేత పోయినచో, నెలకు 25 పని దినములకు 50 గంటలు, అనగా ఎనిమిది గంటల పనిదినములు ఆరింటికి పైగా పోయినట్లే. తెగిన పోగును మసక వెలుతురులో అతుకుటకు కండ్లు పడు శ్రమ ఏ పట్టీలోను ఎక్కదు.

చెన్నపట్టణమున నేతవారి కాపురము నేటిది కాదు. 1734లో కుంపిణీవారు చింతాద్రిపేటను నేతగాండ్ర కొరకే కట్టించినారు. అయినను మనలో పలువురిది అద్దె కాపురము. తమిళనాడులో 2016 నుండి రెండు నెలలకు 100 యూనిట్లు ఇండ్లకు ఉచితము; చేనేతవారికి ఉచిత యూనిట్లను 2023లో 200 నుండి 300కు పెంచినారు. మీటరు యజమాని పేర ఉండి, ఆయన యూనిట్‌కు ఇంత అని విడిగా వసూలు చేయుచున్నచో ఈ మేలు మగ్గము దాక రాదు. కాబట్టి మీటరు ఎవరి పేర ఉన్నదో తప్పక వ్రాయవలెను.

ఈ మారు మన లెక్క మనమే వ్రాసుకొందము. గడచిన ఏడు రాత్రులలో ఆరు మొదలు పది గంటల వరకు మగ్గము మీద దీపము ఎన్ని గంటలు వెలిగినది? నిన్న రాత్రి వంట దేనితో? ఒక బండ అయిన తరువాత రెండవది వచ్చుటకు ఎన్ని దినములు పట్టినది? ఖర్చుకు జంకి ఏ పని మానుకొన్నారు? దీనిని ఎండకాలమున ఒకసారి, కార్తీకపు వానలలో ఒకసారి అడుగవలెను. వానలో గుంట చెమ్మగిల్లి, పగలే దీపము కావలసివచ్చును గదా. ఇంటి పెద్దను మాత్రమే అడిగిన చాలదు. కండెలు చుట్టు ఆడవారిని వేరుగా అడుగుడు. జవాబు మారుట నేను చూచితిని.

నూలు తీసుకొనుటకు వచ్చునప్పుడు రెండు కరెంటు రశీదులు, గ్యాసు పుస్తకము వెంట తెండు. అద్దెవారు యజమానికి చెల్లించిన మొత్తము చీటీ మీద వ్రాసి తెచ్చినను చాలును.