రాయలవారి పునరాగమనము

ప్రశ్న: మా బంధువొకరు సమ్మోహననిద్రలో తాము పూర్వజన్మమున శ్రీకృష్ణదేవరాయలమని పలికినారు. నమ్మదగునా?

జవాబు: పునర్జన్మమున్నదా లేదా యను వాదమున నేను దిగను, రాయలవారి అశ్వశాలలో గడ్డి కోసితినని చెప్పుకొన్నవాడొక్కడును నాకింతవరకు తారసపడకపోవుట మాత్రము శంకాస్పదము. 1952లో అమెరికాలోని కొలరాడోలో ఒక గృహిణి అట్టి నిద్రలోనే తాను పూర్వము ఐర్లండులో బ్రైడీ మర్ఫీ యను స్త్రీనని ఆ దేశపు యాసతో పలుకగా, ఆ వృత్తాంతము 1956లో గ్రంథమై విశేషముగ అమ్ముడుపోయెను. కాని పత్రికలవారు విచారింపగా అట్టి స్త్రీ జీవించినట్లు దాఖలా దొరకలేదు సరికదా, ఆ గృహిణి బాల్యమున షికాగోలో ఆమె యింటి చెంతనే బ్రైడీ యను ఐరిష్ వనిత యొకతె నివసించినట్లు తేలెను. ఎన్నడో విన్నది మరుగునబడి, స్వానుభవమువలె తిరిగి లేచుట మనస్సునకు వింత గాదు. మీవారు హంపి చూచియుందురు, చలనచిత్రములును చూచియుందురు. అష్టదిగ్గజముల పేరులడిగి లాభము లేదు, అది బడిపిల్లలకును వచ్చును. ఏ పుస్తకమునను లేక, ఇకపై శాసనములలో సరిచూడదగిన సంగతి యొక్కటి ముందుగా వ్రాసియిమ్మని కోరుడు.